బోదకాలును నాలుగు గోలీలును

నరసాపురమనగానే సోదరీమణులలో పెక్కండ్రకు గోదావరి యొడ్డున లేసు అల్లికలకు పేరుగాంచిన పట్టణము స్ఫురించును. మేము వ్రాయునది ఆ యూరినుండి కాదు. మాది మెదకుజిల్లాలోని నర్సాపూరు. హైదరాబాదునుండి మెదకునకు పోవు బాటమీద అడవి నానుకొనియున్న చిన్న పట్టణము. సెలవుదినములలో నగరవాసులు పిల్లలతోకూడ వచ్చి, చెరువును జూచి, అడవిలో తిరిగి, కోతులకు పండ్లు వేసి పోవుదురు. వారు చూడని దొకటి మా ప్రాంతమున గలదు. చీర కుచ్చెళ్లక్రింద దాగియుండుటచే ప్రక్కయింటనున్న మాకే యది తఱచుగా కనబడదు. దానిపేరు బోదకాలు.

కొన్నియేండ్ల క్రిందట నొకనాటి మధ్యాహ్నము ఆశా కార్యకర్త మా వీథికి వచ్చినది. భుజమున సంచి, చేత పెద్ద రిజిస్టరు. పెద్దవారికి తలకు మూడు చిన్న మాత్రలు, నమిలి మ్రింగుటకు వేఱొకటి, వెరసి నాలుగు. "అన్నం తిన్నరా అమ్మా? తింటే నా ముందటనే మింగున్రి" అని యామె గుమ్మముగుమ్మమున బతిమాలుచుండెను. "నాకేం బీమారుందని మింగాలె?" అని యొకామె తలుపు దగ్గఱగా వేసికొన్నది. "అవి మింగినోళ్లకు కండ్లు తిరిగినయంట బిడ్డా" అని యొక యవ్వ చెప్పినది. మేము చదువుకొన్నవారము గనుక తలుపు వేసికొనలేదు. చిఱునవ్వుతో మాత్ర లందుకొని, "రాత్రి భోజనమైన పిమ్మట వేసికొందుము" అని చెప్పి దేవుని గూటిలో కుంకుమభరిణె వెనుక నుంచితిమి. ఆమె మా పేర్లకెదుట మ్రింగినట్లు గుఱుతు పెట్టుకొని పోయినది. పండుగకు గూడు కడుగునప్పుడు ఆ మాత్రలన్నియు ఒక్కటియు తక్కువ గాకుండ దొరకినవి. తలుపు వేసికొన్న యామెకును మాకును గల భేద మొక్కటియే. ఆమె యబద్ధమాడలేదు.

ఈ సంగతి మఱచిపోయెడివారమే. కాని మా యెదుటింట నొకామె గలదు. పేరు చెప్పము. బీడీలు చుట్టి సంసారము నీదుకొని వచ్చినది. ఎడమకాలు మోకాటి దిగువనుండి స్తంభమువలె నుండును. తెల్లవాఱకముందే నీళ్లు తెచ్చుకొని, పగలెల్ల అరుగుమీద చేటలో తునికాకు పెట్టుకొని కాలు మడిచి కూర్చుండును. పేరంటములకు రాదు. పిలువని వారి తప్పును గలదు. ఆమె కూతురికి సంబంధము వచ్చినది. పిల్ల నచ్చినది, మాటలైనవి, టీ త్రాగిరి. వెళ్లునప్పుడు సాగనంపుటకు తల్లి మెట్లు దిగినది. వరుని మేనత్త యామె పాదము జూచినది. రెండునాళ్లకు "ఇప్పుడు చేయము" అని కబురు వచ్చెను.

ఆ సాయంకాలము ఆమె మా యింటికి వచ్చి గడపవద్దనే నిలిచి, "అమ్మా, మీరు పుస్తకాలు చదువుతరు గద. ఇది నా బిడ్డకొస్తదా?" అని యడిగినది. మాకు జవాబు తెలియలేదు. తెలియదనుటకు సిగ్గుపడి "రాదులే అక్కా" అంటిమి. ఆమె మా ముఖము జూచి, మేము తెలియక చెప్పితిమని గ్రహించినట్లే వెడలిపోయినది. ఈ వ్యాసము ఆ ప్రశ్నకై వెదకగా దొరకిన జవాబు.

మొదట మా యింటిలోనున్న గ్రంథములే తెఱచితిమి. బోదకాలును మన పూర్వులు శ్లీపదమనిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున దానిని వాత పిత్త కఫ భేదములచే మూడువిధములుగా విభజించి, మూటియందును కఫమే ప్రధానమని చెప్పినది. ఏడాది దాటి, మిక్కిలి పెరిగి, చీమలపుట్టవలె గడ్డలుకట్టిన దానిని వైద్యుడు విడిచిపెట్టవలెనని కూడ చెప్పినది. మాధవనిదానము దీని యారంభమును వర్ణించిన తీరు చూడదగినది. జ్వరముతో గజ్జలలో నొప్పిగా వాపు పుట్టి క్రమముగా పాదమునకు దిగునట. మా యెదుటింటామె తనకు మొదట వచ్చినట్లు చెప్పినదియు నిదే. అన్నిటికంటె నాశ్చర్యకరమైన మాట మఱొకటి. ఏ దేశములందు పాతనీరు మెండుగా నిలిచి అన్ని ఋతువులందును చల్లగా నుండునో ఆ దేశములందే యీ రోగము విశేషముగా బుట్టునని సుశ్రుతుడు కనిపెట్టెను. దోమమాట యెఱుగడు, పురుగుమాట యెఱుగడు. నిలువనీటిమీద మాత్రము వ్రేలు పెట్టి చూపెను. తల్లినుండి బిడ్డకు వచ్చునన్నమాట ఆ ప్రకరణమున మా కెచ్చటను కనబడలేదు.

గ్రంథములలో మనస్సును నొప్పించినదియు గలదు. మనుస్మృతి మూడవ యధ్యాయమున శ్రాద్ధభోజనమునకు పనికిరానివారి పట్టికలో ఆచారహీనుడు, నిత్యయాచకుడు మొదలగువారి నడుమ శ్లీపదియు నున్నాడు. పంక్తినుండి లేపుటకై రోగిని దోషితో నొకే పంక్తిని గూర్చుండబెట్టిరి. ఆ మాట వ్రాసి యెన్ని శతాబ్దములైనదో పండితులు తేల్చుకొందురు గాక. మా వీథిలో మేనత్తగారు మెట్లమీద జూచినది ఆ పట్టికతోడనే.

ఇక నవీనశాస్త్రము చెప్పునది. 1872లో తిమోతి లూయిస్ అను వైద్యుడు కలకత్తాలో రోగుల నెత్తురున సూక్ష్మదర్శనితో కన్నంతమాత్రముగల సన్నని పురుగుపిల్లలు కదలుట కనుగొనెను. 1876లో ఆస్ట్రేలియాదేశపు బ్రిస్బేనులో జోసెఫ్ బాన్‌క్రాఫ్టు వాటి తల్లిపురుగును జూచెను. వెండ్రుకవలె సన్ననైన తెల్లదారమే యది. మఱుసటి సంవత్సరము చీనాదేశములోని అమోయిరేవున పాట్రిక్ మాన్సన్ తన తోటమాలిని కుట్టిన దోమలను కోసి చూడగా, దోమ కడుపున ఆ పిల్లపురుగులు చచ్చిపోక పెరుగుచుండుట గానవచ్చెను. దోమ మనిషి రోగమును మోయునని జగత్తునకు మొదట తెలిసినది దీనివలననే. మాన్సను మఱొక వింతయు కనిపెట్టెను. ఆ పిల్లపురుగులు పగటివేళ నెత్తుటిలో కానరావు, చీకటిపడిన పిమ్మట మెల్లగా బయలుదేఱి అర్ధరాత్రమునకు గుంపులుగట్టును. ఆ జాతిదోమ కుట్టువేళయు నదే. అందుచే ఫైలేరియా పరీక్షకు వచ్చువారు రాత్రివేళనే యిల్లిల్లు తిరిగి, నిద్రించువారిని లేపి, వ్రేలికొన పొడిచి నెత్తుటిబొట్టు తీయవలసి వచ్చెను. రాత్రివేళ తలుపు తట్టినవారిని జూచి మన యాడువారు ఎన్నిసార్లు కసరియుందురో!

అంతటి మాన్సనును ఒకచోట పొరబడెను. దోమ గ్రుడ్లు పెట్టి నీటిలో చచ్చిపోవుననియు, ఆ నీరు త్రాగినవారికి పురుగులంటుననియు తలచెను. 1900లో గాని, పురుగు దోమ ముక్కుపుటమునకు చేరి కుట్టునప్పుడే దిగునని జార్జి లో అను నాయన చూపలేదు. ఈలోపల మాన్సను బోధనచేతనే రొనాల్డు రాస్ మలేరియాకును దోమయే వాహనమై యుండునని యెంచి, 1897 ఆగష్టు 20వ తేదీన మా యూరికి కొన్నికోసుల దూరముననున్న సికిందరాబాదులో దోమకడుపున మలేరియా క్రిమిని జూచెను. బేగంపేటలోని ఆ కట్టడము నేటికిని ఆయన పేర నున్నది. నగరమునకు పోవునప్పుడెల్ల ఆ ప్రక్కగానే పోవుదుము. ఆ జ్ఞానమునకు మొదటిమెట్టు మలేరియా కాదు, మన బోదకాలే యని మాకు మాత్రము ఇన్నాళ్లు తెలియదు.

దోమలో నీ పురుగు సంఖ్యలో పెరుగదు, వయస్సులో మాత్రమే పెరుగును. రెండువారములకు కొంచె మటునిటుగా ముదిరి, మనిషిమీదకు దిగి, చర్మములోని కాటుగాయమున దూఱి, రసనాళములలో కాపురముండును. అచట పురుగులు జతగూడి, ఆఱేడేండ్లు జీవించి, లక్షలకొలది పిల్లలను నెత్తుటిలోనికి విడుచును. ఒక్కకాటుతో నిది కాదు. నెలలు, ఏండ్లు, వందలు వేలు కాట్లు పడవలెను. తఱచుగా బాల్యముననే తగులుకొని, లోలోపల నాళములను చెఱచుచు, యౌవనము దాటినపిమ్మట వాపుగా బయలుపడును. పురుషులలో ననేకులకు అది వరిబీజమగును. నెత్తుట పురుగులున్నవారిలో హెచ్చుమందికి బయటికి ఏ గుఱుతును కానరాదు. పొలము దున్నుదురు, బడికి పోవుదురు, పెండ్లిండ్లలో పాటలు పాడుదురు. వారిని కుట్టిన దోమ ప్రక్కయింటి యూయెలమీద వ్రాలును.

ఇప్పుడా తల్లి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. బోదకాలు రక్తసంబంధముచేత రాదు. తాకినందువలన రాదు, ఒకే కంచమున తిన్నను, ఒకే పక్కను పరుండినను రాదు. వాచిన కాలినుండి యెవరికిని ఏమియు నంటదు. ఆ కాలు పాతదైనకొలది అందులో జీవించియున్న పురుగే యుండకపోవచ్చును. కాని ఆమె కూతురు ఆ వీథిదోమల నడుమనే పెరిగినది. ఆ పిల్లకు రాదగినది తల్లివలన కాదు, వీథివలన. వీథివలన వచ్చునది మా పిల్లలకును రావచ్చును. మెట్లు దిగుచు ఆ పాదము జూచి జంకిన మేనత్తగారి వీథిలో మురికికాలువ యున్నచో ఆమె యింటికిని రావచ్చును.

ఆ దోమసంగతి గృహిణులకు ముఖ్యముగా తెలియదగినది. డెంగ్యూదోమ తొట్లలోను పూలకుండీలలోను మనము మూతవేయక విడిచిన మంచినీటిలో పుట్టును, పగటివేళ కుట్టును. ఈ ఫైలేరియాదోమ, క్యూలెక్సు, మురికిని కోరును. కదలని కాలువ, స్నానపు నీళ్లుపోవు గుంట, మూతపగిలిన మరుగుదొడ్డి తొట్టి దాని పుట్టినిల్లు. ఒకప్పుడు మా యూళ్లలో నీళ్లు తక్కువ, గుంటలును తక్కువ. ఇంటింటికి కొళాయి వచ్చినది, మంచిదే. వచ్చిన నీరు పోవుటకు దారి యేర్పఱచువారు మాత్రము కొళాయి యంత త్వరగా రాలేదు. మరుగుదొడ్డి తొట్టికి పైకి లేచు గాలిగొట్టమునకు సన్నని వలగుడ్డ కట్టుట అయిదునిమిషముల పని. ఆ గొట్టముననుండియే సాయంకాలమున దోమలు పొగవలె లేచును. మేము చూచియే కట్టితిమి.

ఇక మాత్రల సంగతి. మేము మొదట మాది కాదన్న గోదావరి నరసాపురమునకు చేరువనే భీమవరము గలదు. 1895 జనవరి 12వ తేదీన ఎల్లాప్రగడ సుబ్బారావుగా రచట జన్మించిరి. సోదరులిద్దఱు స్ప్రూ అను, గ్రహణిని పోలిన ఉష్ణదేశపు వ్యాధితో కొలదిదినముల యెడములో మరణించిరి. తమకును అదే రోగము తగులగా ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేదచికిత్సచే బ్రతికిరి. మదరాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు ఖద్దరు ధరించిరని ఆంగ్లాచార్యునకు కినుక కలిగి, ఉన్నతపట్టమునకు బదులు తక్కువపట్టముతో సరిపుచ్చుకొనవలసి వచ్చెను. 1922లో సముద్రము దాటి బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణదేశరోగముల విద్య నభ్యసించుచు, కడుపునిండుటకై యాసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు కొలువు చేసిరి. పిదప ఫిస్కేయను నాచార్యునితో గూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టుటయు, మన కండరములకు శక్తినిచ్చు ద్రవ్యమును వెలికిదీయుటయు శాస్త్రజ్ఞులు వేయినోళ్ల గొనియాడుదురు. అది విడిచి మన కథకు వత్తము.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లే పరిశోధనశాలకు వచ్చిరి. అది యుద్ధకాలము. పసిఫికు దీవులలో పోరుచున్న అమెరికా సైనికులకు వేలకొలదిగా ఫైలేరియా తగిలెను. ధనికదేశపు పిల్లవాండ్ర కాళ్లకు భయము కలిగినగాని బీదదేశపు కాళ్లకు మందు వెదకరా యని మాకు తోచకపోలేదు. ఎట్లైనను మంచిదే జరిగెను. పత్తియెలుకలను జాతియెలుకల ఱొమ్ములో ఫైలేరియాను పోలిన పురుగొకటి యుండును. సుబ్బారావుగారి యాధ్వర్యవమున హ్యూయిటు మొదలగు సహచరులు ఒక్కొక్క రసాయనమును ఆ యెలుకలకు పెట్టి, నెత్తురు తీసి, పురుగుల నెంచుచు వచ్చిరి. చివరకొక పదార్థము పనిచేసెను. ప్యూర్టోరికో ద్వీపమున రోగులకిచ్చి చూచి 1947లో ప్రకటించిరి. హెట్రజానని దానికి వ్యాపారనామము. మన యాసుపత్రులలో డీఈసీ అందురు. మఱుసటి సంవత్సరము ఆగష్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెయాగి మరణించిరి. స్వదేశమునకు మరల రానేలేదు. 1922లో ఓడ యెక్కిన భర్తను భార్య శేషగిరిగారు మఱి చూడలేదు. వారికి గలిగిన యొక్క మగశిశువును పసితనముననే పోయెను. మేము చదివిన జీవితకథలలో ఆమెకు నాలుగుపంక్తులకు మించి దొరకలేదు.

కుంకుమభరిణె వెనుక మేము దాచినవి ఆ మాత్రలే.

అవి నెత్తుటిలోని పిల్లపురుగులను త్వరలోనే తుడిచివేయును. తల్లిపురుగులు కొన్ని చచ్చును, కొన్ని బ్రతికి కొన్నినెలలకు మరల పిల్లలను విడుచును. కనుకనే తల్లిపురుగుల యాయువు తీరువఱకు ఏటేట, తక్కువపక్షము అయిదేండ్లు, ఊరంతయు మ్రింగవలెనని యేర్పాటు. నాలుగవది ఆల్బెండజోలు. దానివలన కడుపులోని నులిపురుగులును పోవును. పిల్లలకిది లాభముమీద లాభము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2000 సంవత్సరమున ఈ రోగనిర్మూలనమున కుద్యమించినపుడు లోకమున పండ్రెండుకోట్ల మందికి ఈ పురుగు లున్నవని లెక్క. మన దేశమున 1955లోనే ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనను, ఊరుమ్మడిగా మాత్రలు పంచుట 2004 మొదలు పెద్దయెత్తున సాగినది. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగముతో మంచమెక్కినవారికి ఇవ్వరాదు. రెండునుండి అయిదేండ్లవారికి డీఈసీ ఒకటి, పదునాలుగేండ్ల వఱకు రెండు, పైవారికి మూడు. పరగడుపున వేసికొనరాదు.

ఊరిలో నూటికి అఱువదియైదుగురికి తక్కువ గాకుండ మ్రింగినగాని దోమకు పురుగుదొరకుట ఆగదు. ఇందే చిక్కున్నది. పంచిన మాత్రలను లెక్కింపవచ్చును, మ్రింగిన మాత్రలను లెక్కింపలేము. గూటిలోనివి, బియ్యపు డబ్బాలోనివి, కొంగుముడిలోనివి యన్నియు రిజిస్టరులో కడుపులోనివిగానే వ్రాయబడును. తన యెదుటనే మ్రింగుమని ఆశా కార్యకర్త యేల పట్టుబట్టునో మాకు తరువాత తెలిసినది. మేమామె మాట వినక ఆమె లెక్కను చెఱచితిమి.

"కండ్లు తిరుగు" మాట వట్టి పుకారు కాదు. మ్రింగిన కొందఱికి ఆ రాత్రియో మఱునాడో జ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు కలుగును. హెచ్చుగా నెవరికి? నెత్తుట పురుగులున్నవారికి. మందు తాకి గుంపులుగా చచ్చిన పిల్లపురుగులవలన ఆ జ్వరము. ఒకటి రెండు దినములలో తగ్గును. జ్వరము వచ్చినవాడు "నన్ను మందు చెఱచినది" అనుకొనును. నిజమునకు, తనలో నున్నదని తానెఱుగని శత్రువు చచ్చుచు చేసిన గోల యది. ఈ మాట ముందుగా నెవరైనను నిదానముగా కూర్చుండి చెప్పియున్న, మా వీథిలో సగము తలుపులు మూసియుండకపోవును.

పనిచేయునా యని సందేహించువారికి పొరుగుదేశములే సాక్షి. చీనాలో నీ మందును ఉప్పులోనే కలిపి వంటయింటి దారిని పంపిరి. 2007 నాటికి రోగము తొలగినది. సింహళము, మాల్దీవులు 2016లోను, థాయిదేశము 2017లోను తొలగించుకొన్నట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ యంగీకరించినది. మనవారు 2027 నాటికని 2023లో ప్రకటించిరి. మాత్రలు మానవచ్చునా యని తెలిసికొనుటకు ఆఱేడేండ్ల పిల్లల నెత్తుటిబొట్టు పరీక్షింతురు. మాత్రలు పంచ మొదలుపెట్టినపిమ్మట పుట్టిన పిల్లలు గనుక, వారిలో పురుగుజాడ కనబడినచో దోమ యింకను మోయుచున్నదనియే యర్థము. బడిలో ఒకటవ తరగతి పిల్లవాని చిటికెనవ్రేలు ఒక జిల్లా సంగతంతయు చెప్పును.

ఇంతయు రానివారి మాట. వచ్చినవారి మాటయో? ఎదుటింటామె యడుగకపోయినను ఆమె కాలు మా కన్నులయెదుటనే యున్నది. మాత్రలచే ఆ వాపు తీయదు. తీయనిదానికి ఏమి సేయుట యని యూరకుండుట మన యాచారము. ఇచ్చటనే శాస్త్రజ్ఞులు చాలకాలము పొరబడిరి. నెలకో రెండునెలలకో చలితో జ్వరము వచ్చి కాలు ఎఱ్ఱవాఱి మండుట బోదకాలు గలవారి కందఱకు ననుభవమే. మా వైపు అమావాస్యకు పున్నమకు వచ్చునందురు. అది పురుగు చేష్టయని తలంచుచుండిరి. బ్రెజిలు దేశపు రెసీఫె నగరమున జెరూసా డ్రేయర్ అను వైద్యురాలు, మఱికొందఱును రోగులను ఏండ్లతరబడి గమనించి, ఆ జ్వరము హెచ్చుగా కాలివ్రేళ్ల సందులలోని పగుళ్లనుండి దూఱిన సామాన్యక్రిములవలన వచ్చుచున్నదని స్థాపించిరి. ఒక్కొక్క జ్వరమునకు కాలు కొంత లావగును. కాబట్టి జ్వరము నాపినచో కాలు పెరుగుట యాగును. జ్వరము నాపుటకు కావలసినది సబ్బును నీళ్లును!

విధ మిది. ప్రొద్దున సాయంకాలము మామూలు నీటితో సబ్బునురుగుతో మోకాటినుండి క్రిందికి మెల్లగా కడుగవలెను. చర్మపు మడతలు, వ్రేళ్లసందులు విడువరాదు. రుద్దరాదు. మెత్తని పాతగుడ్డతో అద్ది తడి లేకుండ చేయవలెను. అసలు కిటుకు వ్రేళ్లసందుల తడి తీయుటలోనే యున్నది. ఎచ్చటనైన పాచి, పగులు, గోటిగాయము కనబడిన ఆసుపత్రిలో ఇచ్చు లేపము వ్రాయవలెను. కూర్చున్నప్పుడు కాలు పీటపైకెత్తి యుంచవలెను. పండుకొన్నప్పుడు మంచపుకాళ్లవైపు ఇటుక పెట్టవలెను. మడమను పైకి క్రిందికి ఆడించుచుండవలెను. ఒఱయని చెప్పులు తొడుగవలెను. జ్వరము వచ్చినచో తడిగుడ్డ వేసి, కాలికి విశ్రాంతినిచ్చి, వెంటనే వైద్యునికి చూపవలెను. వాతలు పెట్టుట, సూదితో పొడిచి నీరు తీయుట మహాహాని. రెసీఫెలో నీ రోగముగల స్త్రీలు ఆశాసంఘములని పేరు పెట్టుకొని, ఒకచోట కూడి, ఒకరి కాళ్లొకరు చూచుకొని, కడుగు తీరును నేర్చుకొనిరట. కాలు దాచుకొనుటకు కాక చూపుకొనుటకు కూడిన స్త్రీలను తలంచుకొన్న మాకు కన్నులు చెమ్మగిల్లినవి.

తెలంగాణ ప్రభుత్వము 2018లో బోదకాలు గలవారికి నెలకు వేయిరూపాయల పింఛను మంజూరు చేసి, పిమ్మట పెంచినది. డబ్బుకంటె మాకు ముఖ్యముగా తోచినది మఱొకటి. లెక్కలో పేరు చేరుటకు కుచ్చెళ్లెత్తి కాలు చూపవలెను గదా! అంతవఱకు ఇరుగుపొరుగునకు తెలియనివారు పెక్కండ్రు ఆ లెక్కతో బయటపడిరి. ఇంతమంది యుండిరా యని యూరే యాశ్చర్యపడినది.

మేము తెలిసికొన్నదంతయు ఒకనాడు ఎదుటింటి యరుగుమీద కూర్చుండి చెప్పితిమి. ఆమె చేటలోని చేయి ఆపక వినినది. రక్తముచేత రాదన్నచోట మాత్రము చేయి ఆగినది. "మల్ల గట్లయితే మా అవ్వకుంటుండె, నాకెట్లొచ్చింది?" అని యడిగినది. "మీ యవ్వయు మీరును ఒకే యింట పండుకొనలేదా అక్కా, ఒకే కాలువప్రక్కన?" అంటిమి. ఆమె కొంతసేపూరకుండి, "సబ్బు ఏది మంచిది?" అని యడిగినది. ఏదైనను మంచిదే యంటిమి. పిల్ల సంబంధము మరల కుదిరినదా యని పాఠకురాండ్రు అడుగవచ్చును. చెడినది మరల రాలేదు. వేఱొకటి ఇంకను చూచుచున్నారు.

మఱుసటియేడు ఆశా కార్యకర్త వచ్చినపుడు మేము చెంబుతో నీళ్లు తెచ్చి అరుగుమీదనే నిలిచితిమి. క్రిందటిసారి గూటిలో నుంచిన సంగతి ఆమెతో చెప్పితిమి. ఆమె కోపపడలేదు, "శానమంది గట్లనే చేస్తరమ్మా" అన్నది. ఎదుటింట తల్లియు కూతురును మా వైపు చూచుచు మ్రింగిరి. కండ్లు తిరుగుమాట చెప్పిన యవ్వ, "ముందుగాల నువ్వు మింగు బిడ్డా, నే జూస్త" అని పందెము వేసినట్లు కూర్చున్నది. మేము నాలుగును మ్రింగి నోరు తెఱచి చూపితిమి. అవ్వ మ్రింగినది. తలుపు వేసికొన్నయామె ఈసారియు వేసికొన్నది.

ఆ రాత్రి మా వీథిలో జ్వరము వచ్చినది ఒక్కరికే. మాకే. తెల్లవాఱుసరికి ఒడలెల్ల నొప్పులు, తల యెత్తలేకపోతిమి. ఎదుటింటామె కాలు కడుగుకొని, తడి యద్దుకొని, చెప్పులు తొడుగుకొని వచ్చి మంచముప్రక్కన కూర్చున్నది. మా నుదుట చేయి వేసి చూచి, "మీకుండెనా అమ్మా!" అన్నది.